మాటలు లేని నలభై సెకన్లు

సకల లోకాలను పోషించే అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. చేతికి పని ఇచ్చేవాడు, ఆ పనిలో బరకతు, అంటే శుభవృద్ధి, పెట్టేవాడు ఆయనే. మనిషి నలుగురి ముందు చేసేదాన్నీ తలుపు వేసుకుని చేసేదాన్నీ ఒకే చూపుతో చూసేవాడు ఆయన. ఆ చూపు మీద విశ్వాసంతోనే ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేశాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం మాత్రం దాన్ని మరిచాను. నా విద్యార్థిని ఒకతె గుర్తుచేసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, కరోనా తర్వాత తరగతులు మళ్లీ గాడిన పడిన ఏడాది జూన్‌లో, నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం దగ్గరి ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థకు బదిలీ చేశారు. జనం ఐటీఐ అనే ఈ సంస్థల్లో పాఠం చెప్పేవారు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్లు. వారి పైన ట్రైనింగ్ ఆఫీసర్, ఆయన పైన ప్రిన్సిపల్. నాది మధ్య మెట్టు. ఎలక్ట్రీషియన్ కోర్సు పర్యవేక్షణ నా అసలు పని. చదువు ముగించిన పిల్లలను కంపెనీల ముందు నిలబెట్టే ప్లేస్‌మెంట్ బాధ్యత అదనం. ఆ అదనపు బాధ్యతకు వర్క్‌షాపు మూలలో ఒక బల్ల, ఒక పాత కంప్యూటరు ఇచ్చారు.

నేను పుట్టింది ఖమ్మం పట్టణంలో, మోటారు వైండింగ్ చేసే ఇంట్లో. పొద్దున మస్జిదులో మౌల్వీసాబు దగ్గర గ్రంథ పఠనం, సాయంత్రం నాన్న పక్కన కూర్చుని రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం, ఇవి రెండూ నా మొదటి చదువులు. నలుగురు చూడాలని చేసిన నమాజు నమాజు కాదని మౌల్వీసాబు చెప్పేవారు. నలుగురికీ కనిపించని లోపలి చుట్టు సరిగా లేకపోతే మోటారు కాలిపోతుందని నాన్న చెప్పేవాడు. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ సంగతి జరిగింది బదిలీ అయిన మరుసటి ఏడాది జులైలో. హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీ వాళ్లు మెయింటెనెన్స్ విభాగానికి మనుషులు కావాలని, మా దగ్గరికే వచ్చి ఇంటర్వ్యూలు చేస్తామని రాశారు. పద్దెనిమిది మంది పేర్లు పంపాను. వాళ్లు రావలసిన వారంలో గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. చర్ల వైపు, దుమ్ముగూడెం వైపు రోడ్ల మీదికి నీళ్లొచ్చాయి. బస్సులు ఆగాయి. పిల్లలంతా హాస్టల్లోనే చిక్కుబడ్డారు. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూ బృందం రావడం కుదరదు కాబట్టి ఒక్కొక్క అభ్యర్థి తనను తాను పరిచయం చేసుకుంటూ నిమిషం నిడివి వీడియో పంపాలి. నిమిషం దాటితే పోర్టల్ తీసుకోదు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

ఇప్పుడు ఈ పద్ధతి చాలా చోట్ల ఉంది. బయోడేటా కాగితానికి బదులు మనిషే కెమెరా ముందు నిలబడి ఎవరో, ఏం నేర్చుకున్నారో, ఏం చేయగలరో చెబుతారు. ఎంపిక చేసేవారు ఒక పూటలో వందమందిని చూస్తారు. నేను అంతకు ముందు ఎన్నడూ ఇలాంటివి తీయించలేదు. ఇంటర్నెట్‌లో రెండు మూడు నమూనాలు చూసి, అందరికీ పనికొచ్చేలా ఒక పేజీ మాటలు రాసి పంచాను. పేరు, ఊరు, కోర్సు. ఆ తర్వాత, 'నేను కష్టపడి పనిచేస్తాను. నిజాయితీ నా బలం. బృందంతో కలిసిమెలిసి ఉంటాను.' చివర నమస్కారం.

గురువారం మా అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్ రాములు తన ఫోనుతో చిత్రీకరణ మొదలుపెట్టాడు. ఆరుగురు అయ్యేసరికి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, అందరూ ఒక్క క్యాసెట్ లెక్క మోగుతున్నరు. మొకాలు మారుతున్నయి, గంతే."

"ఈ పిల్లలకు క్యాసెట్ అంటే ఏందో తెల్వదు రాములూ."

"తెల్వకుంటేనే మంచిది సార్. నేను తిట్టింది గూడ తెల్వదు."

నవ్వుకుని, అలాగే కానివ్వమన్నాను. పదిహేడు మందివి ఆ రోజే పూర్తయ్యాయి. మిగిలింది ఇర్పా జ్యోతి ఒక్కతే.

జ్యోతి కోయ అమ్మాయి. చర్ల దారిలో బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు అడవి లోపలికి నడిస్తే వాళ్ల ఊరు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. మా కోర్సులో ఆ ఏడాది ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె. పరీక్షలు రాసేసింది, నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఎటు పోవాలో వాళ్లమ్మ అప్పటికే నిర్ణయించింది. ఊరి ఆడవాళ్లతో ముఠా కట్టి వరి నాట్లకు, నాట్లయ్యాక పత్తికి, ఆపైన మిరప తోటలకు. అది తప్పు పని కాదు. కానీ ఒకసారి ముఠాలో కలిసిన పిల్ల మళ్లీ పానా పట్టిన సందర్భం నా అనుభవంలో లేదు. కూతురికి ఉద్యోగ కాగితం వస్తే ఆపనని ఆ తల్లి నాతో ఫోన్లో చెప్పింది. ఆ నెలలో ఆ కాగితం ఇవ్వగలిగినది ఈ కంపెనీ ఒక్కటే.

శుక్రవారం ఉదయం జ్యోతి నేను రాసిచ్చిన పేజీని మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గిది నేను చెప్పలేను సార్."

"ఎందుకు బిడ్డా?"

"నిజాయితీ ఉన్నదని నాకు నేనే చెప్పుకుంటే మా ఊర్లె నవ్వుతరు. గది ఇంకోళ్లు చెప్పాలె."

"మరి నిమిషం సేపు ఏం చెప్తవు?"

"పని చేస్త. మీరు తియ్యుండ్రి."

నాకు నచ్చింది. రాములు బల్ల మీది త్రీ ఫేజ్ మోటారులో ముందుగానే ఒక తీగ వదులు చేసి పెట్టాడు. మూడు ఫేజుల్లో, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లో, ఒకటి అందకపోతే మోటారు తిరగదు, గుర్రుమంటూ వేడెక్కుతుంది. ఆ లోపాన్ని పట్టుకోవడం ఆమె చూపించవలసిన పని. ఆమె స్నేహితురాలు ఒకతె గుమ్మంలో నిలబడి, "జ్యోతీ, పౌడరన్న రాస్కోవే, హైద్రబాదోళ్లు చూస్తరంట," అంది. "మోటరుకు రాయి, గదే కనపడాలె," అని జ్యోతి ఆప్రాన్ తాడు బిగించుకుంది.

వీడియో సరిగ్గా యాభై తొమ్మిది సెకన్లు వచ్చింది. శుక్రవారపు జుమా నమాజుకు వెళ్లి తిరిగొచ్చాక కంప్యూటరులో చూశాను. మొదటి ఏడు సెకన్లలో పేరు, ఊరు, కోర్సు చెప్పింది. స్టార్టర్ నొక్కింది. మోటారు గుర్రుమంది. ఆపింది. అక్కడి నుంచి నలభై సెకన్ల పాటు ఆమె నోరు విప్పలేదు. గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ దించింది. ఫ్యూజు తీగలుండే మూడు పింగాణీ క్యారియర్లనూ ఊడదీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. 'పని జరుగుతున్నది' బోర్డు తగిలించింది. కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ ల్యాంపును ముందు పక్క బల్ల సాకెట్లో, కరెంటున్న చోట, వెలిగించి చూసుకుంది, తర్వాత మోటారు తీగల దగ్గర పెట్టి వెలగలేదని చూసింది, మళ్లీ కరెంటున్న చోట పెట్టి ల్యాంపు బాగానే ఉందని నిర్ధారించుకుంది. అప్పుడు పానా తీసుకుని తీగలు కలిసే టెర్మినల్ డబ్బా మూత తెరిచింది. "ఇక్కడ వదులైంది సార్," అంది. అంతటితో నిమిషం అయిపోయింది. తీగ బిగించడం, మోటారు తిరగడం వీడియోలో లేవు.

నాకు కంగారు పుట్టింది. ఎంపిక చేసేవారు పది సెకన్లు చూసి తర్వాతి పేరుకు పోతారని విన్నాను. నలభై సెకన్లు మాట లేకుండా ఒక అమ్మాయి వీపు చూపిస్తూ గోడ దగ్గర నిలబడితే ఎవరు చూస్తారు? మిగతా పని రాములు విడిగా తీశాడు. నేను కూర్చుని మధ్యలోని నలభై సెకన్లు కత్తిరించి, చివర తీగ బిగించడం, మోటారు ఝుమ్మని తిరగడం, ఆమె నవ్వడం అతికించాను. చూడముచ్చటగా వచ్చింది. జుమా నుంచి వచ్చి చేసిన మొదటి పని ఇది అని రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆమెను పిలిచి చూపించాను. ఒకసారి చూసింది. మళ్లీ పెట్టమంది.

"సార్, గిట్ల చూస్తే కరెంటు ఉండంగనే నేను మూత తీసినట్టు కనపడ్తది."

ఆమె చెప్పాక చూస్తే నిజమే. మోటారు గుర్రుమని ఆగింది, మరుక్షణం ఆమె చేతిలో పానా, తెరిచిన డబ్బా. ముప్పై ఏళ్లకు పైగా ఈ తప్పు చేయవద్దని పాఠం చెప్పినవాణ్ని. ఆ తప్పును నా చేత్తోనే తయారుచేసి, చూడముచ్చటగా ఉందనుకున్నాను. అయినా వెంటనే ఒప్పుకోలేదు.

"వాళ్లు సమజ్ చేసుకుంటరు బిడ్డా. మధ్యల మెయిన్ ఆపే ఉంటదని అనుకుంటరు."

"అనుకుంటరో లేదో నాకేం తెల్సు సార్. ఆపింది ఉన్నది గద, దాన్నెందుకు తీసుడు?"

రాములు గడియారం చూపించాడు. "జల్దీ చెప్పు జ్యోతీ. నాలుగైంది. స్విచ్చులు తీసుడే నిమిషమంత చూపిస్తే పని ఎప్పుడు చూపిస్తవు?"

"గది పని గాదా సార్?"

రాములు గడియారం చూపించడం మానాడు. క్యారియర్లు జేబులో వేసుకోమని పాఠంలో ఉంది. పరీక్షలో అందరూ రాస్తారు. చేతితో చేసేవారు తక్కువ, తీసి అక్కడే గట్టు మీద పెడతారు. నువ్వు ఎందుకు మరవవని ఆమెను అడిగాను. మామూలు గొంతుతో చెప్పింది. వాళ్ల బాబాయి కాంట్రాక్టరు కింద స్తంభాలెక్కే పని చేసేవాడు. ఒక రోజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి దిమ్మె మీద పెట్టి పైకెక్కాడు. పొలానికి నీళ్లందక ఒక రైతు వచ్చి, ఎవరో మరిచిపోయారనుకుని, వాటిని మళ్లీ పెట్టాడు. బాబాయికి కుడిచేయి మోచేతి దాకా పోయింది.

"ఆ రైతు మంచోడే సార్. ఇప్పటికీ మా ఇంటికి వస్తడు. ఫ్యూజులు బాబాయి జేబుల ఉంటే ఆయనకు దొరక్కపోతుండె."

ఏడాది పాటు ఆమెకు అధికారిగా ఉన్నాను. హాజరు తెలుసు, మార్కులు తెలుసు. ఇది తెలియదు. అబద్ధపు సాక్ష్యం పెద్ద పాపాల్లో ఒకటని నాకు చిన్నప్పుడే నేర్పారు. నోటితో చెప్పేదే సాక్ష్యం అనుకున్నాను. కత్తిరించి అతికించినదీ సాక్ష్యమేనని ఆ బల్ల దగ్గర అర్థమైంది. నేను తయారుచేసినది ఆమె ముందే చెరిపేశాను. అసలు వీడియోను ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. దాని వల్ల ఉద్యోగం పోవచ్చని ఆమెకు చెప్పాను. "అవ్ సార్, తెల్సు," అంది. కానీ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఫలితం ఏ రోజు వస్తుందని రెండుసార్లు అడిగింది.

మంగళవారం జాబితా వచ్చింది. పద్దెనిమిది మందిలో తొమ్మిది మందిని పిలిచారు. జ్యోతి పేరు లేదు. ఎంపిక కానివారి పట్టికలో ఆమె పేరు పక్కన మూడు ముక్కల వ్యాఖ్య ఉంది. మాట్లాడలేదు, ముఖం స్పష్టంగా లేదు, పని పూర్తి చేయలేదు. నేను కంగారుపడినవి ఆ మూడే.

ఆమెకు నేనే చెప్పాను. సాయంత్రం హాస్టల్ ముందు పెట్టె సర్దుతోందని రాములు వచ్చి చెప్పాడు. గోదావరి తగ్గుముఖం పట్టింది, చర్ల బస్సు మర్నాడు నడుస్తుందట.

ఆ పూట కూర్చుని నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ రాయని ఉత్తరం రాశాను. ఒక విద్యార్థిని తీసుకోండని సిఫారసు చేయడం మాకు నియమం కాదు. సిఫారసు రాయలేదు. ఆ వీడియోలో ఏ సెకనులో ఏం జరిగిందో, అది ఏ భద్రతా నియమమో, చేయకపోతే ఏమవుతుందో వరుసగా రాశాను. పదకొండో సెకనులో మెయిన్ స్విచ్. పదిహేడో సెకను నుంచి మూడు క్యారియర్లు, ఒక్కొక్కటిగా. ముప్పయ్యో సెకనులో బోర్డు. ముప్పై నాలుగు నుంచి ల్యాంపు మూడుసార్లు. రాస్తుంటే నాకే కొత్తగా తెలిసింది ఒకటుంది. ఆమె ఎక్కడా తొందరపడలేదు. నిమిషమే ఉందని తెలిసి కూడా, మూడోసారి ల్యాంపు వెలిగించి చూసుకోవడం వదల్లేదు. కెమెరా లేకపోయినా అలాగే చేసేదని ఆ చేతుల నిదానమే చెబుతోంది. నా పదిహేడు మంది వీడియోల్లో 'నిజాయితీ నా బలం' అన్న మాట పదిహేడుసార్లు ఉంది. నిజాయితీ కనిపించింది ఆ మాట లేని వీడియోలో.

ప్రిన్సిపల్ సంతకం లేనిదే సంస్థ లెటర్‌హెడ్ మీద ఉత్తరం బయటికి పోదు. మా ప్రిన్సిపల్ మేడం నియమాల మనిషి. పూర్తిగా చదివి కళ్లద్దాలు తీశారు.

"ఖాదర్ సాబ్, ఒక్క పిల్ల కోసం రాస్తే మిగిలిన ఎనిమిది మంది ఏం పాపం చేసిన్రు?"

ఆమె అన్నది న్యాయం. ఉత్తరం వెనక్కి తీసుకుని చివరి పేరా మార్చాను. ఎంపిక కాని తొమ్మిది వీడియోలనూ పని తెలిసిన ఇంజనీరు ఎవరైనా మరొకసారి చూడాలని కోరాను. మేడం రెండు చోట్ల ఉన్న 'దయచేసి' అన్న మాట కొట్టేసి, "ఇది బతిమాలుడు కాదు, సాంకేతిక వివరణ," అని సంతకం పెట్టారు. జ్యోతిని నెలాఖరు దాకా హాస్టల్ విడవవద్దని చెప్పి ఆపాను. వాళ్లమ్మకు ఫోన్ చేసి వారం గడువు అడిగాను. "వారమే సార్, నాట్లు ఆగవు," అంది ఆ తల్లి.

ఆరో రోజు జవాబు వచ్చింది. అదనంగా ఇద్దరిని పిలిచారు. ఒకరు జ్యోతి. రెండోవాడు వీడియోలో తడబడిన ఒక కుర్రవాడు. నేను రాసిచ్చిన మాటలు అయ్యాక, వెనక నడుస్తున్న మోటారు చప్పుడు విని దాని బేరింగు పోయిందని సరిగ్గా చెప్పాడట, మొదట చూసినవారు పట్టించుకోలేదట. అతని గురించి నా ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. మేడం ప్రశ్న అడగకపోతే అతను ఊరికి పోయేవాడు.

పదకొండు మందినీ వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. అక్కడి మెయింటెనెన్స్ ఇంజనీరు నా వయసువాడే, మితభాషి. జ్యోతిని ఒక కరెంటు ప్యానెల్ ముందు నిలబెట్టి, కాలిపోయిన కాంటాక్టర్ మార్చమన్నాడు. కాంటాక్టర్ అంటే మోటారుకు కరెంటు కలిపే, తెంచే పరికరం.

"మెయిన్ ఏడుంది సార్?"

"ఆఫ్ చేసే ఉంది. నువ్ మొదలుపెట్టు."

"ఉంటది సార్. నేను ఒకసారి చూసుకుంట."

వెళ్లి చూసుకుంది. నిజంగానే ఆఫ్‌లో ఉంది. అయినా ఫ్యూజులు తీసింది, ల్యాంపు అడిగి తీసుకుంది, మూడుసార్లు పెట్టి చూసింది. కాంటాక్టర్ మార్చడానికి మిగతావారి కంటే ఎక్కువ సమయం పట్టింది. ఒక స్క్రూ చేజారితే వంగి వెతుక్కుంది. ఇంజనీరు చేతి కాగితం మీద ఏదో రాసుకుని నా వైపు వచ్చి, "నా మాట నమ్మలేదు చూశారా. మాకు అలాంటి మనిషే కావాలి," అన్నాడు.

ఆ సాయంత్రం ఏడుగురికి కాగితాలు ఇచ్చారు. జ్యోతిది ఆరో పేరు. అక్కడి నుంచే వాళ్లమ్మకు ఫోన్ చేసి కోయలో మాట్లాడింది. నాకు అర్థం కాలేదు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది. "హాస్టల్ ఉంటదా సార్ అక్కడ? అన్నం మంచిగ పెడ్తరా?" అని అడిగింది ఆ తల్లి. రెండూ కనుక్కుని చెప్పాను.

తర్వాతి రెండు బ్యాచ్‌లకు నేను రాసిన మాటల పేజీ ఇవ్వలేదు. నియమం మార్చాను. తాను చేసే ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా కత్తిరింపు లేకుండా చూపాలి. భద్రత కోసం చేసే పనులతో కలిపి నిమిషంలో ముగిసే పనినే ఎంచుకోవాలి. ప్రతి వీడియోను పంపే ముందు ఆ పని తెలిసిన ఇద్దరు చూడాలి. ముఖం కోసం ఒకరు చూస్తే చాలు, చేతుల కోసం ఇద్దరు కావాలి.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఇది. తనను తాను పరిచయం చేసుకోవడం అంటే తన గురించి తాను సాక్ష్యం చెప్పడం. సాక్ష్యం చెప్పేవారికి ఉన్నంత బాధ్యత అది రాసుకునేవారికీ, చూసేవారికీ ఉంటుంది. నేను అధికారిగా ఆ బాధ్యతలో తప్పాను. పందొమ్మిదేళ్ల అమ్మాయి తప్పలేదు. తప్పని మనిషి దగ్గర నేర్చుకోవడానికి హోదా అడ్డం రాకూడదు.

చదివినవారు మీరు ఏ దారిన దేవుణ్ని పిలిచేవారైనా, నాతో కలిసి ఒక్క మాట అడగండి. ప్రభూ, ఈ పూట స్తంభం మీద ఉన్నవారిని, ప్యానెల్ ముందు నిలబడినవారిని క్షేమంగా ఇంటికి చేర్చు. మా పని ఎవరూ చూడనప్పుడు కూడా సరిగా ఉండేలా మమ్మల్ని నిలుపు. ఆమీన్.